దగ్గు వినబడిన రాత్రి

పాత బండికి మేం పెట్టుకున్న పేరు ముసలిగాడిద.
ఇరవై రెండేళ్లు రొసారియో వీధుల్లో
రాత్రి పదింటికి గొంతెత్తి
రొట్టెల కొట్లు తెరిచేదాకా ఓండ్రపెట్టింది.

దాని వెనక పరిగెత్తేది మేమిద్దరం,
నేనూ, బాసిలియో.
మా ఊళ్లో చెత్తబండి ఆగదు.
సంచి అందుకో, విసురు, పరిగెత్తు,
మళ్లీ అందుకో.
పొగగొట్టం సరిగ్గా మా మొహాల ఎత్తున ఉండేది.
ఆ బొమ్మ గీసిన పెద్దమనిషికి
వెనక మనుషులుంటారని ఎవరూ చెప్పలేదేమో.

తెల్లారి ఇంటికెళ్లి ముక్కు చీదితే
రుమాల్లో కాటుక.
మా ఆవిడ దాన్ని విడిగా ఉతికేది,
ఒక్క మాటా అనేది కాదు.

మార్చిలో కొత్తది వచ్చింది.
తెల్లటి ఒళ్లు, నెత్తిన ఆరు గ్యాసు సిలిండర్లు,
బాసికం కట్టిన పెళ్లికొడుకు వాలకం.
డ్రైవర్ ఓవిడియో తాళం తిప్పాడు, మళ్లీ తిప్పాడు,
కిటికీలోంచి తల బయటపెట్టి
"ఇది స్టార్టయిందంటారా?" అని మమ్మల్నే అడిగాడు.
షెడ్డంతా నవ్వు.

మెకానిక్ హిల్దా మాత్రం నవ్వలేదు.
రొద విని రోగం చెప్పగల మనిషి ఆమె.
ఇంజన్ పక్కన చెవి పెట్టి
తెలియని భాషలో వార్తలు వింటున్నట్టు
చాలాసేపు నిలబడింది.
"వంటింటి పొయ్యిలో మంటేనా ఇది?" అన్నాన్నేను.
"అదే అనుకో. మండేదేదీ పుణ్యాత్మురాలు కాదు.
కాకపోతే ఇది మొహాన ఉమ్మదు."

మొదటి వారం సగం సంచులు గడప దాటలేదు.
గాడిద అరుపే కదా వీధికంతా గడియారం!
మూడో అంతస్తు దోన్యా ఎర్సిలియా,
ఇరవై ఏళ్లు దాన్ని శాపనార్థాలు పెట్టిన మనిషి,
చంకలో సంచి, కాలికి ఒకటే చెప్పు,
మా వెనక పరుగు:
"దొంగల్లా వచ్చిపోతారేంట్రా! కాస్త అరిచి చావండి!"
మలుపులో కుంటికుక్కకైతే
దేన్ని తరమాలో తోచలేదు.
బండిని వదిలేసి
మా మీద మొరిగింది.

వీధికి ఇన్ని చప్పుళ్లున్నాయని నాకు తెలీదు.
పద్నాలుగేళ్లుగా ఇదే దారి.
ఎవరింట్లోనో గిన్నె అడుగు గీకుతున్న చెంచా,
బూట్ల కింద జకరండా కాయల పటపట,
ఒక పసివాడి పేచీ, ఒక మొగుడి క్షమాపణ,
సంచిలో సీసా సీసాను పలకరించడం,
దూరాన పరానా నది మీద
ఏదో ఓడ ఆవులింత.

తర్వాత, దగ్గు.

నాలుగో రాత్రి, పాత రైలుకట్ట పక్కన.
ఇంత రాత్రివేళ ఎవరబ్బా అని
ముందు కిటికీల వైపు చూశాను.
తర్వాత వెనక్కి.
బాసిలియో గోడకు చెయ్యి ఆనించి వంగి ఉన్నాడు,
బావిలోంచి ఖాళీ బకెట్టు తోడుతున్నట్టు
లోపల్నుంచి ఏదో లాగుతున్నాడు.

"ఎప్పట్నుంచి?"
"ఎప్పట్నుంచో." మోచేత్తో మూతి తుడుచుకున్నాడు.
"అది అరుస్తుంటే
నాకే వినబడేది కాదు."

ఓవిడియో బ్రేకు తొక్కాడు.
పద్నాలుగేళ్లలో వీధి మధ్య
మా బండి ఆగడం అదే మొదలు.
ఎవరం ఏమీ మాట్లాడలేదు.
బండి కూడా మాట్లాడలేదు, అదే ఇబ్బంది.
ఇదివరకైతే మా బదులు అది మాట్లాడేది.

మర్నాడు పురపాలక సంఘం వాకిట్లో రిబ్బన్ కోత.
మైకులో అంకెలు:
పొగ ఇంత తగ్గింది, రొద ఇంత తగ్గింది.
అబద్ధాలు కావు, నా చెవులు సాక్షి.
ఫోటో కోసం పిలిస్తే పళ్లు కనపడేలా నిలబడ్డాను.
నా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ.
బాసిలియో ఆ వేళకి
ఎక్స్‌రే గది ముందు వరసలో,
నూట పద్దెనిమిదో నంబరు చీటీతో.

ఇప్పుడు నాతో పరిగెత్తేది ఒక కుర్రాడు, నిల్డో.
ఈలలు వేస్తాడు, బాగానే వేస్తాడు.
పరుగులో వాడి ఊపిరి వింటుంటాను,
హిల్దా ఇంజన్ని విన్నట్టు,
వాడికి చెప్పకుండా.

నిన్న పొద్దున ముక్కు చీదుకున్నాను.
మా ఆవిడ రుమాలు విప్పి
కిటికీ వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పింది.
తెల్లగా ఉంది.
అయినా
విడిగానే ఉతికింది.