అడుగు పడ్డ ఇటిక

మనవడి సోషల్ పుస్తకంలో బొమ్మ చూసి వచ్చాను.
ఆదుర్రులో బస్సు దిగి దారి అడిగితే
కొబ్బరి డొక్కలు ఎండేసుకుంటున్నామె
"ఆ ఇటికల దిబ్బకా?" అంది,
అక్కడేముందని అన్నట్టు.

నిజమే, పెద్దగా ఏమీ లేదు.
ఇనప గేటు. నీలం బోర్డు.
తుప్పు తినగా మిగిలిన అక్షరాలు.
కొబ్బరి చెట్ల మధ్య
ఎవరో బండి చక్రం విప్పి
నేల మీద వెల్లకిలా పడేసినట్టు
ఆకులూ కుండా కనపడేలా పాత కట్టడం.

కాపలా ఉండే తాతారావు తువ్వాలు దులిపి
"రెండు వేల ఏళ్ళ నాటిదండి.
అప్పట్లో రోము నించి కూడా
ఓడలొచ్చేవంట మన వేపు" అన్నాడు.
ఆయ్ అన్నాను.
రోము ఎటో నాకు తెలీదు.
వేలితో గీకితే మట్టి మాత్రం తెలిసింది.
లంక మట్టి. ఒండ్రు పాలు ఎక్కువ.

ముప్పై రెండేళ్ళు మోశాను దీన్ని.
మా ఆయన కోసేవాడు, నేను మోసేదాన్ని,
రాత్రి పడుకున్నా
నెత్తి మీద చుట్టకుదురు ఉన్నట్టే ఉండేది.

కూచుని జానతో కొలిచాను.
మాది ఒక్క జాన.
ఇది రెండు జానలకి బెత్తెడు తక్కువ.
తడిది ఒంటి చేత్తో లేవదు,
చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి.
ఎవత్తె ఎత్తిందో.
నెల తప్పి ఎన్నాళ్ళు మోసిందో.

ఊక కలిపారు, మాలాగే.
గింజ మండిపోయి
దాని ఒళ్ళు పట్టినంత గాడి మిగిలింది.
ఈ మూల సరిగా కాలలేదు,
గాలి తిరిగుంటుంది ఆ రాత్రి.

అవతలి వరసలో కనపడింది:
నాలుగు వేళ్ళు, మధ్యలో మెత్త.
ఆరబెట్టిన పచ్చిటికల మీంచి
కుక్క నడిచి పోయింది.

పైకే నవ్వేశాను. తాతారావు కంగారుపడ్డాడు.

మా బట్టీలో గుడ్డోడని ఒకటుండేది,
రోజూ తెల్లారగట్ల వరస తొక్కేది.
"అడుగు పడ్డవి లెక్కలోకి రావు" అని
మేస్త్రీ వెయ్యికి ఇరవై ముప్పై కొట్టేసేవాడు.
కొట్టేసినవన్నీ ఏరుకొచ్చి
మా పాకకి పడమటి గోడ లేపాం, మట్టితోనే.
గోడంతా అడుగులే.
కుక్క లోపలికొస్తోందా బయటికి పోతోందా అని
పిల్లలు పోట్లాడుకునేవారు.
ఎనభయ్యారు వరదకి ఆ గోడే ముందు ఒరిగింది.

దీనికి కూలి ఇచ్చారా, కోశారా?
బోర్డులో రాయలేదు.
చదివి పెట్టమంటే తాతారావు
రాజుల సంగతి చదివాడు,
కొలతలు చదివాడు,
పాడుచేస్తే జరిమానా ఎంతో చదివాడు.

"చెయ్యి తియ్యండమ్మా, రూలు" అన్నాడు చివర్న,
మెల్లగానే.
తీశాను.
పచ్చిది కాదుగా,
నా వేళ్ళు పడలేదు.