తేలికైన పని

నాలుగున్నరకే లేచి పోయింది బుచ్చమ్మ
ఏనుమాముల యార్డుల ముచ్చికలు తియ్యడానికి.
తలుపు దగ్గరికేసుకుంట
"గుడ్లు గంపల ఉన్నయ్, ఏమన్న చేసుకొని తిను" అన్నది.
చేసుకొని తిను.
ముప్పై ఒక్క ఏండ్లల్ల
ఆ మాట నాతోని అనుడు గిదే మొదలు.

నడుము పోయి మూడు నెలలు.
డాక్టరు ఫొటో తీసి వెలుతురుకు పెట్టి చూపిచ్చిండు,
నాలుగో ఎముకకు ఐదో ఎముకకు నడుమ
ఒత్తుకపోయిన జాగ.
నాకైతే అది
లారీకి కాంటాకు నడుమ నేను తొక్కిన బాటలెక్క కనబడ్డది.
"ఇగ తేలికైన పని చూసుకో" అన్నడు.

చూస్తున్న, వంటింట్ల.

డబ్బాల చారెడు చపాట మిర్చి.
యార్డు ఊడ్చిననాడు ఆమె కొంగుల పడ్డయి.
పొట్టిగ, లావుగ, టమాటలెక్క ముడుతలు పడ్డ కాయలు,
కారం తక్కువ, రంగు మస్తు.
ఇసొంటియి ఎన్ని బస్తాలు మోసిన్నో
కూలి చీటీలకు తెలుసు, నాకు తెల్వది.
ఒక్క కాయ అరచేతుల పెట్టుకుంటే
బరువే లేదు.
మస్తు సేపు నిలబడ్డ అట్లనే.
గిదేనా, నా నడుమును తిన్నది?

గింజలు దులిపి పెనం మీద ఏంచిన.
ఎంతసేపు ఏంచాల్నో నాకెవలు చెప్పిన్రు?
రెండు కాయలు నల్లగైనయ్, ఇల్లంత ఘాటు.
పక్కింటి ఓదెలు గోడ మీదికెల్లి దగ్గుకుంట
"ఏందన్నా, ఎవలికి దిష్టి తీస్తున్నవ్?" అన్నడు.
నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, నడుముల కలుక్కుమన్నది,
మూడూ ఒక్కసారే.

మిగిలినయి వేడినీళ్లల్ల నానేసిన.
నీళ్లు మెల్లగ ఎర్రబడుతుంటే
కాళ్లు గుర్తుకొచ్చినయ్.
ఖరీదుదారు పిడికెడు కాయలు తీసి, విరిచి, ఎండకు పట్టి
"రంగు లేదు" అంటడు.
బస్తా కింద వంగినోన్ని, రైతు మొఖం నాకు కనబడది.
చెప్పులల్ల ముడుచుకునే కాలివేళ్లే కనబడుతయ్.
ఈ గిన్నె తీస్కపోయి ఆ ఖరీదుదారు ముందట పెట్టాల్ననిపిచ్చింది.
పెడితే ఏమంటడు?
నీళ్లు బాగున్నయంటడు.

నడుముకు బెల్టు బిగిచ్చి, పీట మీద కూసోని
రోట్లె నూరిన. ఎల్లిగడ్డ, జీలకర్ర, ఇంత చింతపండు.
ఉప్పు ఏసిన్నో లేదో యాదికి లేక మళ్ల ఏసిన.
ఉల్లిగడ్డ మగ్గినంక ఆ ఎర్రటి ముద్ద నూనెల పోస్తే
గిన్నె ఒక్కపారి అరిచి
తర్వాత తనలో తను గొణుక్కున్నది, చిక్కబడేదాక.

ఇగ గుడ్డు.
నలభై కిలోలను కొక్కెంతోని గుంజి వీపు మీదేసుకునే చేతికి
గుడ్డును ఎంత గట్టిగ పట్టాల్నో తెల్వది.
మొదటిది పిడికిట్లనే పాయె.
రెండోదాని పెంకు పులుసుల పడ్డది, తియ్యబోతే వేలు కాలింది.
మూడోదాన్ని
గిన్నె అంచుకు తాకిచ్చి, పసిపిల్ల పండుకున్న ఇంటి తలుపు తీసినట్టు
విప్పిన.
జారి, ఎర్రటి దాంట్ల
పసుపు బొట్టయి కూసున్నది.
నాలుగోది ఆమెకని కొట్టిన.

రాత్రి మిగిలిన జొన్నరొట్టెలు సెగకు చూపిచ్చి
టిఫిన్ల సర్ది, ఆటోల ఏనుమాముల పోయిన.
గేటు కాడ వాచ్‌మన్
"మళ్ల మోతకొచ్చినవా?" అన్నడు.
టిఫిన్ ఎత్తి చూపిచ్చిన.

ఎర్రటి కుప్ప పక్కన, మూతికి తువ్వాల కట్టుకొని
పదిమంది ఆడోళ్లు, పదిమందికీ కండ్లే.
ఆ కండ్లల్ల బుచ్చమ్మవి ఏవో
దొరకబట్టడానికి జరసేపు పట్టింది.
"చేతులు మంట" అన్నది, తలెత్తకుండ.
కిలో లెక్కన కూలి, చేతులు ఆగలే.
తువ్వాల కిందికి గుంజుకొని నోరు తెరిచింది.

రొట్టె తుంచి, సొనల అద్ది పెట్టిన.
పక్కోళ్లు కిసకిస నవ్విన్రు.
పసుపూ ఎరుపూ కలిసి
నా మణికట్టు దాక కారినయ్.

నమిలింది.
"గింజలు మొత్తం తియ్యలే నువ్వు.
ఉప్పు రెండుసార్లు ఏసినవ్."

మళ్ల నోరు తెరిచింది.