బాగా నిద్ర పట్టిందా

దలాల్ పాప జూన్‌లో ఫ్రాన్సుకు పోతాది.
తూర్ అనే ఊర్లో ఆరు వారాలు
ఎవురో ముసలామె ఇంట్లో ఉండి,
ఆమె వండింది తిని, ఆమెతో మాట్లాడి
బాస నేర్చుకోవాలంట.
దానికి దుడ్లు వీళ్లే కట్టాలంట.
నాకు నవ్వొచ్చింది.
ఎందుకో పాపకు అర్థం కాలా.

జాబ్రియాలో మే నెల ఎండ
కిటికీ అద్దాన్ని కొరుకుతాంటే
బీన్సు తుంచుతా తుంచుతా
నేను ఫ్రెంచి ముసలామెనయినా.
"నువ్వు మదామ్ గిల్మో. నేను బయట్నుంచి వస్తా,
నువ్వు తలుపు తియ్యి."
పద్నాలుగేండ్లుగా తీస్తాండేది నేనే ఆ తలుపు.
అయినా ఆ పొద్దు కొంగు సర్దుకోని తీసినా,
నా ఇంటిది మాదిరి.

నా మాటలు పాప చెప్తాంటే
బకాలా చీటీ ఎనకాల తెలుగులో రాసుకున్నా.
బోఁజూర్. లోపలికి రా. అలిసిపోయినావా.
ఇది నీ గది, ఇవి నీ తువ్వాళ్లు.
గది అన్నప్పుడు నా చెయ్యి
ఉతుకుడు మిషన్ పక్కనుండే నా తలుపును చూపించింది.
పాప ఇకఇకా నవ్వి
చేతిని పట్టుకోని మెట్ల పక్కకు తిప్పింది.

పాపకు అన్నీ అనుమానాలే.
అడక్కుండా ఫ్రిజ్ తెరవచ్చునా?
ఎంతసేపు నీళ్లు పోసుకోవచ్చు?
వాళ్లు నవ్వేది ఎందుకో తెలీకపోతే
నేనూ నవ్వాల్నా?
వాళ్లు పంపిన ఫారంలో వీటికి గళ్లు లేవు.

నేనొచ్చినప్పుడు నాతో ఇట్ల ఎవురూ ఆడలా.
విమానం ఎక్కేముందర రాయచోటి ఏజెంటు
ఒక మాట నేర్పినాడు: హాదిర్.
ఏం చెప్పినా హాదిర్ అను, అంతే, అనినాడు.
ఆ ఒక్క మాటతో ఏడాది గడిపినా.

అందుకని చెప్పినా పాపకు:
మొదటి రేత్రి నిద్రపోవాకు.
ఏ తలుపు ఎట్ల కిర్రుమంటాదో విను.
ఉప్పును ఏమంటారో ముందు నేర్చుకో.
ఆకలిని ఏమంటారో ఎవురూ చెప్పరు,
అది నువ్వే ఏరుకోవాల.
ఏడుపొస్తే ఉల్లిగడ్డలు తరుగుతానని అడుగు.
వాళ్లు కొట్లాడుకునేటప్పుడు చెవి పెట్టు,
బాసంతా అప్పుడే వస్తాది.
నీ పేరు తప్పుగా పిలుస్తారు.
మూడు తూర్లు దిద్దు.
నాలుగో తూరి ఇంక అదే నీ పేరు.

గబగబా రాసుకుంటాండే పాప
ఆడ పెన్ను ఆపింది.
"నీ పేరు ఓలా కాదా?"
ఓబులమ్మ, అన్నా.
ఓ. బు. లమ్మ.
నోరు సున్న చుట్టి పలికింది
అది కూడా ఫ్రెంచి మాటే అయినట్టు.

ఆఖరి పాఠం తెల్లారిందాని గురించి.
మదామ్ గిల్మో కాఫీ పోస్తా అడగాలంట:
వు జావే బియాఁ దోర్మీ?
అంటే ఏంది పాపా?
"బాగా నిద్ర పట్టిందా, అని."
రోజూ అడుగుతాదా?
"రోజూ. అది మర్యాద."
ఒక బీన్సు నారు
చానాసేపు తీస్తానే ఉన్నా.

జూన్‌లో పోయింది.
మర్నాడు రేత్రి మూడు గంటలప్పుడు,
ఫజర్ బాంగు ఇంకా కాలా,
నా తలాపున ఫోను.
"ఓబులమ్మా, నిద్రపోలేదు.
మూడు తలుపులు విన్నా.
ఒకటి పిల్లిది."
గుసగుసగా అరబ్బీ. ఎనకాల యాడనో గడియారం.
అంతలో ఏమనుకుందో,
నన్ను లేపిందని గుర్తే లేకుండా,
వు జావే బియాఁ దోర్మీ, అనింది.

పుస్తకంలో జవాబు ఒకటే ఉండాది.
వుయ్, అన్నా. త్రే బియాఁ. మెర్సీ.

పాప కాసేపు ఏం మాట్లాడలా.
"పలకడం బాగొచ్చింది నీకు," అనింది.