ఒక్క మేకు

అద్దె కాగితంలో రాసుంది, గోడకు మేకులు కొట్టరాదని.
పాతవాళ్లెవరో వదిలిపోయిన మేకొక్కటే మా ఆస్తి.

బెర్గెన్‌లో డిసెంబరంతా వానే.
అందుకే కాబోలు
దుకాణంలో అమ్మే ప్రతి బొమ్మలోనూ మంచే.
తలుపు మీద ఎర్రకప్పు చర్చి,
ఫ్రిజ్ మీద జింకల బండి,
అన్నీ టేపు దయ. తడిగాలికి
తెల్లారేసరికి ఒక జింక మోకరిల్లింది.

పెద్ద పటం మాత్రం మేకుకే తగిలించాలి:
ఓట్స్ వెన్నుల కట్ట మీద
నాలుగు ఎర్రరొమ్ము పిట్టలు.
ఆ మేకుకేమో వాళ్ల నాన్న క్యాలెండరు.
సముద్రం నడుమ చమురుబావి మీద ఆయన,
ఇక్కడ రోజుకో గడి కొట్టేస్తూ ఐవిన్.

"తియ్యొద్దమ్మా" అన్నాడు.
వాదించలేదు, స్టూలు దిగాను,
పొయ్యి మీద చేప మాడుతోంది కూడా.

వచ్చి చూస్తే
క్యాలెండరు మీదే పిట్టల్ని తగిలించాడు.

అప్పట్నుంచి పడుకునేముందు
పటం అంచు పట్టి మెల్లగా ఎత్తుతాడు
పిట్టలు బెదిరి లేచిపోతాయన్నట్టు.
గీత కొట్టి, మళ్లీ వాలుస్తాడు.

పండగరాత్రి వాడు నిద్రపోయాక నేనూ ఎత్తి చూశాను.
ఇంకా ఏడు గళ్లు.
పక్కన గోడ మీద, పెన్సిల్‌తో,
ఇంకో మేకు.
పొద్దున్నే అడిగితే,
నాన్న కోటుకట.