వగరు

జనవరి జ్వరం ఎల్వా తాత ముక్కులోంచి
వాసనలన్నీ ఎత్తుకుపోయింది.
కాఫీ వేడినీళ్ళయింది. సబ్బు ఒట్టి నురగయింది.
రొట్టె మాడుతోందని ఎవరో అరిస్తే గానీ తెలిసేది కాదు.
నలభై ఆరు ద్రాక్ష కోతలు చూసిన మనిషి
నేలమాళిగ మెట్లు దిగి, పీపా బిరడా తీసి,
వంగి, చాలాసేపు వంగే ఉండి,
"ఎవరూ లేని ఇల్లు" అన్నాడు.

అందుకే ఈ ఏడు
ముక్కు నాది, నోరు ఆయనది.

బయట లోట్ నది మీద పొగమంచు ఇంకా విడలేదు.
గాజు గొట్టంతో పీల్చి
రెండు గ్లాసుల్లో తలా రెండు వేళ్ళ లోతు పోస్తాను.
నలుపు.
దీపానికి అడ్డం పెడితే అంచున మాత్రం
నేరేడుపండు తిన్న పిల్లాడి పెదవి.

"చెప్పు, ఒడీల్."
"బాగా ముగ్గిన ఆల్‌బకరా."
"ఇంకా?"
"తడిసిన గుర్రపు జీను."
"మన గుర్రం పోయి ముప్పై ఏళ్ళు.
నువ్వెప్పుడు వాసన చూశావే?"

సిగ్గేసింది. అది శిక్షణ తరగతిలో నేర్పిన మాట.
మళ్ళీ గ్లాసులో ముక్కు దూర్చాను,
ఈసారి తొందరపడకుండా.
"వానకి తడిసిన నీ కోటు
పొయ్యి పక్కన ఆరేస్తే వచ్చే వాసన."
"ఆఁ" అన్నాడు. "ఆ కోటు నాకు తెలుసు."

అప్పుడు తాగాడు.
తాగడం కాదు, నమిలాడు, కళ్ళు మూసుకుని.
పులుపు తలుపు తట్టి పారిపోయే పిల్ల.
తీపి ఈ వైన్లో ఉందో లేదో ఎవరూ ప్రమాణం చెయ్యలేరు.
వగరు మాత్రం లోపలికొచ్చి కూర్చుంటుంది,
కుర్చీ లాక్కుని, టోపీ తియ్యకుండా.
నాలుక పక్కలు పిండుకుపోతాయి,
చిగుళ్ళు సున్నపు గోడలవుతాయి.
దానికి ముక్కుతో పని లేదు.

"కొవ్వు అడుగుతోంది" అన్నాడు.
"చేప పెట్టావో, ఇనుప మేకు నాకినట్టుంటుంది.
దీనికి బాతు కావాలి.
దాని కొవ్వులోనే నిలవబెట్టిన బాతు."

మధ్యాహ్నం తులూజ్ నుంచి తియెబో గారొచ్చారు,
నీలం స్కార్ఫు, నల్ల నోటుబుక్కు.
పుక్కిలించి బకెట్లో ఉమ్మారు, రాసుకున్నారు,
మళ్ళీ ఉమ్మారు, మళ్ళీ రాసుకున్నారు.
"బాతు సరే, మామూలే.
మా రెస్టారెంట్ల కోసం కొత్తదేమైనా చెప్పండి."

తాత మాట్లాడలేదు.
క్యాబేజీ సూపు అప్పటికే అడుగంటా తాగేశాడు,
గిన్నెలో రెండు గరిటెల వేడి మిగిలింది.
సీసా వంచి ఎర్రగా పోశాడు, గిరగిరా తిప్పాడు,
రెండు చేతులతో ఎత్తి
గిన్నె అంచున పెదవి పెట్టి జుర్రుకున్నాడు.
గడ్డం మీద ఊదారంగు, మీసం మీద నూనె చుక్కలు.

"చాబ్రో" అన్నాను, తియెబో గారి కలం ఆగిపోతే.
"మా పొలాల్లో పాత అలవాటు. స్పూను అక్కర్లేదు."
ఆయన గిన్నె వంక చూశారు, స్కార్ఫు వంక చూసుకున్నారు.
స్కార్ఫు విప్పి కుర్చీకి తగిలించారు.
నోటుబుక్కులో మాత్రం ఏమీ రాయలేదు.

పదహారు పీపాలు తీసుకున్నారు,
లీటరుకి నిరుటి కన్నా పది సెంట్లు తక్కువకి.
వగరు ఎక్కువట.

కారు వెళ్ళాక తాత గ్లాసులు కడుగుతూ అన్నాడు:
"ఆరేళ్ళు ఆగితే ఇది మెత్తబడుతుంది.
అప్పుడు చిన్న మేకపాల చీజ్ చాలు, గుప్పెడు అక్రోట్లు.
బాతు అక్కర్లేదు."
"మరి నీకో?"
గ్లాసుని వెలుతురులో పట్టుకుని
లేని మరకని బొటనవేలితో రుద్దాడు.
"నాకు అప్పటికీ బాతే."