నీళ్ళు వాడినవి: సున్నా

రాత్రి రెండూ పదికి ఫోను.
"సార్, మూడో అంతస్తులో నా తెల్లడబ్బా ఒకటే అరుస్తాంది.
పొగ లేదు, మంట లేదు.
తలకాయ మాత్రం పగిలిపోతాంది."

కల్లూరు వైపు పోతున్నాం.
కరెంటు పోయి మూడు గంటలు, వాన ఆగి అర్ధగంట.
బండి తోలుతూ సుంకన్న అడిగినాడు:
"నిప్పు లేనిదే పొగ రాదంటారు గదా,
పొగే రాని నిప్పుకు సామెత ఏముంది సార్?"
గేటు దాకా వెతికినాను.
దొరకలేదు.

డబ్బా తస్నీమ్ గారిది.
పెద్దాసుపత్రి ల్యాబులో రక్తం చూసే మనిషి,
గ్యాసు గీజరుకు భయపడి తెప్పించుకున్నది.
బ్యాటరీ తీసేయమ్మా అన్నారంట పక్కింటోళ్ళు.
దుప్పట్లో చుట్టి పండుకోమన్నాడంట ఎదురింటాయన.
ఆమె పిల్లోణ్ణి చంకనేసుకుని
ప్రతి తలుపునూ గరిటెతో బాదింది.

మేం దిగేసరికి అందరూ రోడ్డు మీదున్నారు.
నైటీల మీద తువ్వాళ్ళు, చేతుల్లో నగల సంచులు,
గోడ పట్టుకుని ఒకాయన వాంతి.
ప్రెసిడెంటు టార్చి వేసి లిస్టు చదివినాడు:
ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఎనభై ఒక్క మంది.
లెక్క సరిపోయింది.

నా చేతిలో మీటరు ఒప్పుకోలేదు.
మూడో అంతస్తులో నూట ఎనభై.
నేను మెట్లు దిగేకొద్దీ
అంకె మెట్లెక్కుతాంది.
సెల్లారులోకి నీళ్ళొచ్చినాయని
జనరేటరును మెట్ల కిందికి లాగినారు.
సైలెన్సరు మూతి ఒక తలుపు వైపు.
ఆ తలుపుకు నంబరు లేదు.

సుంకన్న జనరేటరు గొంతు నొక్కినాడు.
నేను మాస్కు బిగించుకుని తలుపు తోసినాను.
చాప మీద వాచ్‌మన్ మద్దిలేటి, పక్కన సుబ్బరత్తమ్మ,
మధ్యలో ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం
రొమ్ము మీద బోర్లించుకుని వాళ్ళ పాప.
దోమలకని కిటికీకి అట్టముక్కలు కొట్టినారు.
ఎవరు చూసినా నిద్రే అనుకుంటారు,
అంత నెమ్మదైన మొగాలు.

వాన తడి అరుగు మీద, ఆక్సిజన్ కింద
ముందు పాప దగ్గింది.
సుబ్బరత్తమ్మ కళ్ళు తెరిచి నన్నే అడిగింది:
"మోటరు కట్టేసినారా సార్?
ట్యాంకు పొర్లితే తిడతారు."
మద్దిలేటి మూడోరోజుకు గానీ మాట్లాడలేదు.

స్టేషనుకొచ్చి రిజిస్టరు తెరిస్తే
అన్నీ నిప్పునడిగే గళ్ళే.
మంట పుట్టిన చోటు? లేదు.
కాలినవి? లేవు.
నీళ్ళు వాడినవి? సున్నా.
తెరిచిన కిటికీలు రాయడానికి గడే లేదు.

ప్రెసిడెంటు ఇచ్చిన కాగితం అక్కడే పిన్ను కొట్టి
ఎనభై ఒకటిని అడ్డంగా కొట్టేసినాను.
ఎనభై నాలుగు.