అడ్డం తిరిగిన కాగితం

డిసెంబరు. పశువుల లెక్కకి ఆఖరి వారం.
బయట సున్నాకి ముప్పై ఎనిమిది కింద.
బొగ్గు పొయ్యికి ఆమడ దూరాన పెట్టినా
మా సుమ్ ఆఫీసు ప్రింటర్‌కి మళ్ళీ పొలమారింది.
ఎవరు తలుచుకున్నారో దాన్ని.
బహుశా ఆ బ్యాంకు వాళ్ళే,
పద్దెనిమిదేళ్ళు వాడి వాడి
మాకు దానమిచ్చి ఫోటో దిగినవాళ్ళు.

పచ్చ దీపం ఆరి నారింజ దీపం.
చిన్న తెరమీద పదమూడు.
పదమూడంటే కాగితం ఇరుక్కుందని.
ఎక్కడో మాత్రం చెప్పదు,
కడుపునొప్పంటూ ఏడ్చే పిల్లాడిలా.
చెయ్యి పెట్టి మనమే వెతుక్కోవాలి.

నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను.
ఈ పొడి చలికి కాగితాలు
ఒకదాన్నొకటి కరుచుకుని జంటగా వెళ్తాయి,
అందుకని కట్టని విసనకర్రలా విదిల్చి
బల్లమీద తట్టి అంచులు సర్దాను.
రోలర్ రబ్బరు నున్నబడి బట్టతలైపోయింది,
తడిగుడ్డతో తుడిచి, ఉప్పుకాగితంతో గరుకు చేశాను.
వెనక తలుపు సరిగా పడదు,
పడిందని అది నమ్మడానికి
స్విచ్చి దగ్గర ఉన్ని ముక్కొకటి దోపాను.
దాని పుస్తకం జర్మన్‌లో ఉంది.
అందులో బొమ్మలోని చేతికి గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

బెంచీ మీద ల్హామ్‌జావ్ తాత.
చీకటితో లేచి మోటారుసైకిల్ మీద అరవై కిలోమీటర్లు.
ఇరుక్కున్నది ఆయన కాగితమే.
అది లేనిదే బ్యాంకు వాయిదా జరపదు,
గడ్డి పంపిణీలో పేరుండదు.

పట్టుకుని లాగాను. చిరిగింది.
సగం నా చేతిలో, సగం దాని గొంతులో.
రెండోసారి లాగబోతుంటే బెంచీ కిర్రుమంది.
"ఆగు సంజిద్మా. ఏ దారిన వస్తోందది?"
"కింద ట్రేలోంచి పైకి, అక్కణ్ణుంచి వెనక్కి."
"మరి ముందుకెందుకు లాగుతున్నావ్?"

టోపీ తీశాడు. దేల్ చేతులు మోచేతులదాకా మడిచాడు.
కార్ట్రిడ్జ్ బయటికి తీసి
వెలుతురు తగలకుండా నా శాలువా కప్పాను.
అటు చూసి "మాయా?" అన్నాడు.
నవ్వాలో వద్దో తెలియలేదు.

కాలే రోలర్ల పక్కన మీట ఉంటుందని,
ఎత్తితే పట్టు వదులుతుందని చెప్పాను.
ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు.
మార్చి గాలిదుమారంలో
అడ్డం తిరిగిన గొర్రెపిల్లని
కాళ్ళేవో తలేదో వేళ్ళతోనే పోల్చుకుని
అది రాదలుచుకున్న వైపే
బతిమాలి తెచ్చుకునే చెయ్యి అది.

రెండు మూలలూ సమంగా పట్టి కొంచెం.
ఆగి, మళ్ళీ కొంచెం.
లోపల పళ్ళచక్రం ఒకటి టిక్కుమంది.
వచ్చింది, ముడతలు ముడతలుగా, వెచ్చగా.
దాని వెనకే ఇంకో చిన్న ముక్క,
పసుపుబారినది, బ్యాంకు రోజులది.
"కవలలు" అన్నాడు.

మోకాలిమీద పరిచి సాపు చేశాడు.
వేడి తగలని అక్షరం కాగితానికి అంటదు,
ఉత్త పొడి. నేను చెప్పేలోపే
బొటనవేలు దానిమీద నడిచింది.
గుర్రాలు నాలుగు, ఒంటెలు లేవు, ఆవులు రెండు,
గొర్రెలు ముప్పై ఒకటి,
మేకల దగ్గర నల్లటి మరక.

నిరుటి కాగితం నా బీరువాలో ఉంది.
మొత్తం ఆరు వందల పన్నెండు.
మధ్యలో ఒక చలికాలం.

వేలికొన చూసుకున్నాడు.
"ఇంత తేలిగ్గా పోతాయన్నమాట" అన్నాడు,
ఫిర్యాదుగా కాదు,
ఏదో కొత్త సంగతి తెలిసినవాడిలా.

మళ్ళీ నొక్కాను. గరగర. ఒక దగ్గు.
తిన్నగా వచ్చింది, బోర్లా.
తిప్పితే మేకలు పంతొమ్మిది.
ఆయన చదవలేదు.
వేడి ఆరకముందే దేల్ లోపలికి తోసి
నడికట్టు బిగించాడు,
చలిలో పుట్టినవాటిని ఇంటికి మోసుకెళ్ళే చోట.

తలుపు దగ్గర ఆగి ప్రింటర్ని చూశాడు.
"దానికి దాహమేస్తోందేమో. నీళ్ళు పెట్టి చూడు."

పొయ్యిమీద గిన్నెడు నీళ్ళు పెట్టాను.
గది కొంచెం చెమర్చింది.
పదిహేడు పేర్లదాకా బాగానే వెళ్ళింది.
పద్దెనిమిదో పేరుకి పదమూడు.

శాలువా తీశాను.